పరదేశపు చదువులో మన పిల్లలకు పెద్దదిక్కు ఎవరు?

సంక్రాంతి వెళ్ళిన వారం. చీకటి పడ్డాక మా సంఘంలోని ఒక రైతు మా ఇంటికి వచ్చాడు. చేతిలో సెల్‌ఫోను. కూర్చోమంటే కూర్చోలేదు.

"అయ్యగారూ, మావాడు ఇరవై రోజుల నుంచి సరిగా మాట్లాడటం లేదు. ఫోను ఎత్తితే 'బాగానే ఉన్నాను నాన్నా' అని పెట్టేస్తున్నాడు. వాళ్ళమ్మకు అన్నం సయించడం లేదు. ఆ కాలేజీ వాళ్ళను మీరు ఇంగ్లీషులో ఒక మాట అడుగుతారా?" అన్నాడు.

ఆ అబ్బాయి ఇక్కడ బీటెక్ పూర్తి చేసి, ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండు వెళ్ళి అప్పటికి నాలుగు నెలలు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి పంపారు. ఊళ్ళో అంతదూరం వెళ్ళిన మొదటి కుర్రవాడు అతనే. అందుకే ఆ తండ్రి భయం ఒక్క బిడ్డ గురించిన భయం కాదు. ఇల్లంతా ఆ చదువు మీదే నిలబడి ఉంది.

అక్కడ అప్పటికి ఇంకా మధ్యాహ్నమే. ఫోను చేశాను. ఒక ఆవిడ ఎంతో మర్యాదగా విన్నది. విద్యార్థి అనుమతి లేకుండా అతని గురించి తాము ఏమీ చెప్పలేమని, మా ఆందోళనను మాత్రం అతని డిపార్టుమెంటుకు తెలియజేస్తానని చెప్పింది. ఫోను పెట్టే ముందు ఒక ప్రశ్న వేసింది: "అతను తన పర్సనల్ ట్యూటరును కలిశాడా?"

ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. తండ్రికీ తెలియదు. వీసా గురించి, ఫీజు గురించి, విమానం టిక్కెట్టు గురించి అన్నీ చెప్పిన కన్సల్టెన్సీ వారు ఈ ఒక్క మాట చెప్పలేదు. మీలో చాలామందికి కూడా ఇది కొత్తే కావచ్చు. మన గ్రామాల నుండి ఇప్పుడు ఎందరో పిల్లలు బ్రిటను వెళ్తున్నారు కనుక, ఈ ట్యూటరు ఎవరో, ఏమి చేస్తారో, ఏమి చేయలేరో తెలుసుకోవడం ప్రతి తల్లికీ తండ్రికీ అవసరం.

ట్యూటరు అంటే ట్యూషను చెప్పే మాస్టారు కాదు

మన ఊళ్ళలో ట్యూటరు అనగానే సాయంత్రం లెక్కలు చెప్పే మాస్టారు గుర్తుకు వస్తారు. పర్సనల్ ట్యూటరు అలాంటివారు కారు. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే అధ్యాపకులలోనే ఒకరిని, విద్యార్థి చేరగానే, అతని పేరు మీద నియమిస్తారు. ఆ విద్యార్థి చదువు ఎలా సాగుతోంది, మనిషి ఎలా ఉన్నాడు అని కనిపెట్టి ఉండటం ఆ అధ్యాపకుని బాధ్యత. కొన్ని చోట్ల అకడమిక్ ట్యూటరు అని, కొన్ని చోట్ల అకడమిక్ అడ్వైజరు అని అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. దీనికి వేరే ఫీజు ఉండదు.

ఈ ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. దీని వేళ్ళు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి కళాశాలలలో ఉన్నాయి. పదిహేడవ శతాబ్దంలో అక్కడ చేరే పిల్లలు ఇప్పటివారి కంటె చిన్నవారు. ట్యూటరే పాఠం చెప్పేవాడు, నడవడిక చూసేవాడు. తండ్రి పంపే ఖర్చుల డబ్బు కూడా ఎన్నోసార్లు ట్యూటరు చేతికే వచ్చేది. ఒక మాటలో చెప్పాలంటే అక్కడ ట్యూటరే తండ్రి.

నేటికీ కేంబ్రిడ్జిలో ఈ పనులను మూడుగా పంచి ఉంచారు. చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టి పాఠం చెప్పేది సూపర్‌వైజరు. మొత్తం చదువు దారి చూసేది డైరెక్టర్ ఆఫ్ స్టడీస్. మంచిచెడ్డలు అడిగేది ట్యూటరు. ఈ ట్యూటరు సాధారణంగా ఆ విద్యార్థి చదివే సబ్జెక్టు వారు కారు. దానిలో ఒక జ్ఞానం ఉంది. మనకు మార్కులు వేసే మనిషి దగ్గర మన బలహీనత చెప్పుకోవడం కష్టం. మార్కులతో సంబంధం లేని పెద్ద మనిషి దగ్గర నోరు కాస్త తేలికగా పెగులుతుంది. మిగిలిన విశ్వవిద్యాలయాలలో చాలావరకు చదువు, సంక్షేమం రెండూ ఒకే ట్యూటరు చూస్తారు.

ఏడాది పొడవునా ఏమి చేస్తారు?

చేరిన మొదటి వారాలలోనే ట్యూటరు నుండి ఒక ఈమెయిలు వస్తుంది. ఫలానా రోజు, ఫలానా గదికి రమ్మని దాని సారాంశం. తరువాత ప్రతి టర్ములో ఒకటి రెండుసార్లు కలుస్తారు. మధ్యలో అవసరం పడితే విద్యార్థి తానే అడిగి కలవవచ్చు. చాలామంది అధ్యాపకులు విద్యార్థులను కలవడానికి వారంలో కొన్ని గంటలు కేటాయించి ఉంచుతారు.

మొదటి కలయికలో ఇల్లు దొరికిందా, తిండి సరిపడుతోందా, తరగతులు అర్థమవుతున్నాయా అని అడుగుతారు. ఇవి ఊరికే పలకరింపులు కావు. జనవరిలో రాబోయే ఇబ్బంది చాలాసార్లు అక్టోబరు నాటి ఈ జవాబులలోనే కనిపిస్తుంది.

ఆ తరువాత మార్కుల సంగతి. మన పిల్లలు ఎనభైలు, తొంభైలు చూసి పెరిగినవారు. అక్కడ ఎమ్మెస్సీలో 50 వస్తే పాసు, 60 వస్తే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్. మొదటి అసైన్‌మెంటుకు 58 వచ్చిన పిల్లవాడు తన చదువు అయిపోయిందని కుమిలిపోతాడు. నిజానికి అతడు మెరిట్‌కు రెండు మార్కుల దూరంలో ఉన్నాడు. ఆ సంగతి ఎదుట కూర్చోబెట్టి చెప్పేది ట్యూటరు. ఎక్కడ మార్కులు పోయాయో, వచ్చేసారి ఏమి మార్చుకోవాలో కూడా చూపిస్తారు.

మరొక ముఖ్య విషయం కాపీ. ఇక్కడ పుస్తకంలో ఉన్నది ఉన్నట్లు బట్టీ పట్టి రాస్తే మాస్టారు మెచ్చుకుంటారు. అక్కడ ఎవరి వాక్యమైనా వారి పేరు చెప్పకుండా రాస్తే దొంగతనం క్రిందే లెక్క. విచారణకు పిలుస్తారు. మార్కులు సున్నా కావచ్చు, అంతకు మించిన శిక్ష కూడా పడవచ్చు. మన పిల్లలు మోసం చేయాలని చేయరు, తెలియక చేస్తారు. ఇతరుల మాటను ఎలా ఎత్తి చూపాలో, తన మాటను ఎలా రాయాలో నేర్పే తరగతులు విశ్వవిద్యాలయంలోనే ఉంటాయి. అక్కడికి దారి చూపేది ట్యూటరే.

ఇక కష్టం వచ్చినప్పుడు. ఇంటి దగ్గర తాతగారు పోయారనుకోండి, లేదా పిల్లవాడికే జ్వరం వచ్చి గడువు లోపల పని ఇవ్వలేకపోయాడనుకోండి. గడువు పెంచమని, పరీక్ష మళ్ళీ పెట్టమని అడగడానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. దరఖాస్తు పెట్టాలి. చాలావాటికి డాక్టరు కాగితం వంటి ఆధారం చూపాలి. అన్నిటికంటె ముఖ్యం, సకాలంలో పెట్టాలి. ఫలితాలు తేలిపోయాక వచ్చి ఏడిస్తే వినేవారు తక్కువ. దరఖాస్తును మంజూరు చేసే అధికారం ట్యూటరుకు సాధారణంగా ఉండదు. అయితే ఏ కాగితం, ఎక్కడ, ఎప్పటిలోగా అన్నది చెప్పి, పిల్లవాడిని సమయానికి కదిలించేది ఆయనే.

చివరకు ఉద్యోగానికో పై చదువుకో సిఫారసు ఉత్తరం కావలసి వస్తుంది. నాలుగుసార్లు ఎదుట కూర్చున్న విద్యార్థి గురించి ట్యూటరు నాలుగు మంచి మాటలు రాయగలరు. ముఖమే చూడని విద్యార్థి గురించి ఏమి రాస్తారు?

ట్యూటరు చేయలేని పనులు

ట్యూటరు డాక్టరు కారు, మానసిక నిపుణులు కారు. ఆ పనికి విశ్వవిద్యాలయంలో కౌన్సెలింగు విభాగం వేరే ఉంటుంది. శరీరానికి జబ్బు చేస్తే ఆ ప్రాంతంలోని డాక్టరు దగ్గర పేరు నమోదై ఉండాలి. వీసాతో పాటే ఆరోగ్య రుసుము కట్టి వెళ్తారు కనుక మన పిల్లలకు ఆ హక్కు ఉంది. కాని జబ్బు చేసేదాకా పేరు నమోదు చేసుకోనివారూ ఉంటారు.

వీసా గురించి ట్యూటరును సలహా అడిగితే చెప్పరు. కోపగించుకోవద్దు. బ్రిటనులో ఇమ్మిగ్రేషను సలహా ఎవరు పడితే వారు ఇవ్వకూడదని 1999 నాటి చట్టం ఉంది. అందుకే విదేశీ విద్యార్థుల కోసం ఉన్న సలహాదారుల దగ్గరకు పంపుతారు. డబ్బు ఇబ్బందికి, ఇంటి అద్దె తగాదాకు కూడా వేరు వేరు విభాగాలు ఉంటాయి. మంచి ట్యూటరు అన్నీ తానే చేయరు. ముందు శ్రద్ధగా వింటారు, తరువాత సరియైన తలుపు చూపిస్తారు, కొన్నాళ్ళకు "అక్కడికి వెళ్ళావా?" అని మళ్ళీ అడుగుతారు. మూడవదే అన్నిటికంటె గొప్ప పని.

తల్లిదండ్రులకు ఎందుకు చెప్పరు?

మన తండ్రులకు మింగుడుపడని సంగతి ఇది. ఫీజు కట్టింది మనం. అయినా మార్కులు అడిగితే చెప్పరు, తరగతికి వస్తున్నాడా అంటే చెప్పరు.

ఒకప్పుడు అక్కడ కూడా ఇరవై ఒక్క సంవత్సరాలు నిండేదాకా మైనరే. విశ్వవిద్యాలయం తల్లిదండ్రుల స్థానంలో నిలబడేది. 1969 నాటి చట్టంతో ఆ వయస్సు 18కి తగ్గింది. 1970 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. అప్పటి నుండి విద్యార్థి పెద్దవాడు, అతని సంగతి అతని సొంతం. ట్యూటరు కూడా విద్యార్థి చెప్పినదానిని తల్లిదండ్రులకు చేరవేయరు. ప్రాణానికే ముప్పు అనిపించినప్పుడు మాత్రం, కాపాడటానికి ఎవరికి చెప్పాలో వారికి చెప్తారు.

దీనికి ఒక మధ్యే మార్గం కూడా కనిపెట్టారు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల వరుస మరణాల తరువాత 2018లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. చేరేటప్పుడే విద్యార్థిని అడుగుతారు: నీ క్షేమం గురించి మాకు తీవ్రమైన ఆందోళన కలిగితే నీవు చెప్పిన మనిషికి కబురు చేయవచ్చా? నూటికి తొంభై మందికి పైగా విద్యార్థులు సరేనన్నారు. పిల్లలు ఇంటివారికి తెలియకూడదని అనుకోవడం లేదు. అడిగే పద్ధతిలో అడిగితే సరే అంటున్నారు.

ఏర్పాటు ఉన్నంత మాత్రాన చాలదు

ఇదంతా చదివి అక్కడ అన్నీ సవ్యంగా ఉంటాయని అనుకోవద్దు. 2018 ఏప్రిల్‌లో అదే బ్రిస్టల్‌లో భౌతికశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని ప్రాణం తీసుకుంది. నలుగురిలో మాట్లాడాలంటే ఆమెకు విపరీతమైన భయం. చదువులో భాగంగా మౌఖిక పరీక్షలు ఉండేవి. చాలామంది ముందు నిలబడి ప్రయోగం గురించి మాట్లాడవలసిన రోజునే ఆమె మరణించింది. ఆమె బాధ అధ్యాపకులకు తెలియక కాదు, తెలిసీ పరీక్ష పద్ధతి మార్చలేదు. 2022లో న్యాయస్థానం విశ్వవిద్యాలయానిదే తప్పని తీర్పు చెప్పింది. 2024లో హైకోర్టు కూడా దానిని సమర్థించింది.

ఒకరు చూశారు, మరొకరు విన్నారు, కాని పని జరగలేదు. దేశం ఏదైనా పిల్లలు ఇలాంటి సందులలోనే జారిపోతారు.

మరొక ఇబ్బంది కూడా ఉంది. విద్యార్థుల సంఖ్య పెరిగింది, అధ్యాపకులకు పరిశోధన, పాఠాలు, కాగితాల పని పెరిగాయి. కొందరు ట్యూటర్లు మనసు పెట్టి చేస్తారు, కొందరు మొక్కుబడిగా చేస్తారు. అందుకే ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం 2022 నుండి పర్సనల్ ట్యూటరు పద్ధతిని క్రమంగా మార్చి, ఇదే పనికి శిక్షణ పొందిన విద్యార్థి సలహాదారులను పెట్టుకుంది. కనుక మీ బిడ్డ చేరే చోట ఏ పద్ధతి ఉందో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఆ అబ్బాయి సంగతి ఏమైంది?

ఫోను చేసిన మూడవ రోజున ట్యూటరు అతనికి మళ్ళీ ఈమెయిలు పంపింది. మళ్ళీ అని ఎందుకు అన్నానంటే, అంతకు ముందే మూడు పంపింది. అతడు ఒక్కటీ తెరవలేదు.

తరువాత అతడే నాతో చెప్పాడు. అద్దె కోసం శని, ఆదివారాలు రాత్రి గోడౌనులో పని. విద్యార్థి వీసా మీద టర్ము సాగుతున్నప్పుడు వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. అతడు దానిని మీరలేదు. కాని రెండు రాత్రుల నిద్ర లేక సోమవారం తరగతికి వెళ్ళేవాడు కాదు. మొదటి అసైన్‌మెంటుకు 42 వచ్చింది. పదవ తరగతి నుండి తప్పడం ఎరుగని పిల్లవాడు. ఇంటికి చెప్పడానికి సిగ్గు. అదే వారంలో ట్యూటరు ఈమెయిలు.

"మన కాలేజీలో స్టాఫ్ రూముకి రమ్మన్నారంటే తిట్టడానికే కదా అయ్యగారూ. వీసా తీసేస్తారేమోనని భయపడ్డాను" అన్నాడు.

ఆ భయంలో కొంత నిజం లేకపోలేదు. విదేశీ విద్యార్థి తరగతులకు రావడం మానేస్తే ప్రభుత్వానికి తెలియజేయవలసిన బాధ్యత విశ్వవిద్యాలయానికి ఉంది. అయితే ఆ దాకా రాకుండా ఆపగలిగిన మనిషి నుండే అతడు దాక్కున్నాడు.

నాలుగవ ఈమెయిలుకు వెళ్ళాడు. "మేడమ్" అంటే, పేరు పెట్టి పిలవమన్నదట. అతనికి నోరు రాలేదు. ఆమె మార్కుల మాట ఎత్తలేదు. మొదట నిద్ర ఎలా పడుతోంది అని అడిగింది. అతడు ఏడ్చేశాడు. ఆ తరువాత పనులు ఒకటొకటిగా కదిలాయి. రాత్రి పని మాని పగటి పని వెదుక్కున్నాడు. రాత నేర్పే తరగతికి వెళ్ళాడు. హాజరు సంగతి విదేశీ విద్యార్థుల కార్యాలయంలో తానే వెళ్ళి చెప్పుకున్నాడు. తప్పిన దానిని మళ్ళీ రాసే అవకాశం వచ్చింది. మళ్ళీ రాసినదానికి ఎంత బాగా రాసినా అక్కడ 50కి మించి వేయరు. ఆ 50 తెచ్చుకున్నాడు. ఎమ్మెస్సీ మామూలు పాసుతో పూర్తి చేశాడు. గొప్ప మార్కులు కావు. కాని చదువు నిలబడింది, పిల్లవాడు నిలబడ్డాడు.

పట్టా వచ్చిందని చెప్పడానికి వచ్చినప్పుడు ఆ తండ్రి అన్న మాట నాకు గుర్తుండిపోయింది: "ఆ ఉత్తరాలు ముందే విప్పి ఉంటే మూడు నెలల ఏడుపు తప్పేది అయ్యగారూ."

మన దగ్గర మాటేమిటి?

ఇది విదేశాలకు పంపేవారికే అనుకోవద్దు. మన కళాశాలల్లోనూ మెంటార్ అనే పేరుతో ఇలాంటి ఏర్పాటు ఉంది. కొత్త విద్యార్థులకు అధ్యాపకులు తోడుగా ఉండాలని యు.జి.సి. 2019లో దీక్షారంభ్ అనే కార్యక్రమంలో సూచించింది. చాలాచోట్ల ఇది సంతకాల పుస్తకంగా మిగిలిపోయింది. మీ అమ్మాయిని అడిగి చూడండి, తన మెంటార్ పేరు చెప్పగలదేమో.

2023లో విశాఖపట్నంలో నీట్ పరీక్షకు చదువుకుంటున్న 17 ఏళ్ళ అమ్మాయి మరణించింది. ఆ తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ దేశమంతటికీ వర్తించే పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులు ఉన్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, మానసిక నిపుణులో, సామాజిక కార్యకర్తో ఒక్కరైనా ఉండాలి. విద్యార్థులను చిన్న చిన్న బృందాలుగా చేసి, ముఖ్యంగా పరీక్షల సమయంలో, వారికి మెంటార్లను గాని కౌన్సెలర్లను గాని కేటాయించాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయడం, అందరి ఎదుట అవమానించడం కూడదు. పిల్లలను చేర్చేటప్పుడు ఫీజు ఎంత అని అడిగే మనం, ఈ ఏర్పాటు ఉందా అని కూడా అడగవచ్చు. అడిగే హక్కు ఇప్పుడు మనకు ఉంది.

తల్లిదండ్రులారా, నాలుగు పనులు చేయండి

మొదటిది, బిడ్డ చేరిన నెలలోపల "నీ ట్యూటరు పేరేమిటి? కలిశావా?" అని అడగండి. అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా అడగండి.

రెండవది, విశ్వవిద్యాలయం నుండి వచ్చే ఈమెయిళ్ళు ప్రతిరోజూ చూడమనండి. అర్థం కాకపోయినా, భయం వేసినా జవాబు ఇవ్వమనండి.

మూడవది, ఆపదలో ఎవరికి కబురు చేయాలి అని అడిగే కాగితంలో మీ పేరు, మీ ఫోను నంబరు రాయించండి. పల్లెలో ఇంగ్లీషు రాదనుకుంటే ఇంగ్లీషు వచ్చిన దగ్గరి బంధువు నంబరు రాయించండి.

నాలుగవది కష్టమైనది. "నీ మీదే ఆశలు పెట్టుకున్నాం" అనే మాట ఫోనులో తగ్గించండి. ఆ మాట బిడ్డకు తెలుసు. తెలియనిది, తప్పినా ఇంటికి చెప్పవచ్చునన్నది. ఇంట్లో ఓటమి చెప్పుకోగలిగిన పిల్లవాడే బయట ట్యూటరు దగ్గర కూడా నోరు తెరుస్తాడు.

ఇంకొక మాట. బిడ్డ మాటలలో బ్రతుకు మీద విసుగు వినబడితే రేపటిదాకా ఆగవద్దు. మన దేశంలో టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. బ్రిటనులో ఉన్నవారు 116 123కు చేయవచ్చు.

వేల మంది ఉన్న చోట ఒక్కడు కనిపించకపోతే తెలియదు. అతని పేరు తెలిసిన మనిషి ఒకరు ఉంటే తెలుస్తుంది. ఆ మనిషిని విశ్వవిద్యాలయం పెడుతుంది. ఆ గది తలుపు తట్టే ధైర్యం మాత్రం మన ఇంటి నుండే వెళ్ళాలి.